ట్యాంకు అడుగున కొసరు

వికారాబాద్ బయట ఉన్న మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు తాండూరులో మా ఇంటికి వస్తుంటారు. జన్యువులను శరీరంలోకి మోసుకెళ్లే నానో కణాలను అక్కడ పెద్ద ఎత్తున తయారుచేసిన మొదటి జట్టులో నేనున్నానని ఎవరో వాళ్లకు చెబుతారు. ఏదో గొప్ప సంగతి వింటామని వచ్చి కూర్చుంటారు. నేను ఇరవై ఏళ్లకు పైగా చేసింది రెండు పంపుల పక్కన నిలబడడం. చివరి కొన్నేళ్లలో పంపులు చిన్నవయ్యాయి, గది శుభ్రమైంది, నా ఒంటి మీదికి తెల్ల గౌను వచ్చింది. నిలబడడం మాత్రం అదే.

నోటితో చెబుతున్నప్పుడల్లా నన్ను నేను కొంచెం పెంచుకుంటున్నానని మా ఆవిడ అనసూయ పట్టేసింది. "రాసిపెట్టు. నోటికైతే హద్దు లేకుంట పోతున్నవ్," అంది. అందుకే రాస్తున్నాను. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవాణ్ణి. వాక్యాలు పొట్టిగా ఉంటే అది శైలి అనుకోకండి. పొడుగు వాక్యం మొదలుపెడితే చివరిదాకా చేరతానన్న నమ్మకం లేదు, అంతే.

బండల నుంచి మందులకు

నా మొదటి కొలువు తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్‌లో. రాయి మీద చక్రం తిరుగుతుంటే నీళ్లు ఆగకుండా పడాలి. ఆ నీళ్ల పంపులు నావి. రాతి బురద తాగి తాగి అవి వారానికొకసారి చచ్చేవి, నేను బతికించేవాణ్ణి. మా సేఠ్ మంచి వ్యాపారి. లోడు కట్టాక లారీ మీద ప్రతిసారీ రెండు బండలు ఎక్కువ వేయించేవాడు. "తోవల పగుల్తయ్ నర్సప్పా. కొసరు లేని మాల్ మాల్ కాదు," అనేవాడు. ఆ రెండు బండలూ మోసేది నేనే. పదిహేనేళ్లు మోశాను. భుజం నొప్పి పోయింది గానీ అలవాటు పోలేదు.

తర్వాత ఫ్యాక్టరీలో పంపు మెకానిక్ కావాలంటే వెళ్లాను. అడిగింది ఒకటే ప్రశ్న: పంపు విప్పి బిగించగలవా? విప్పి బిగించాను. చదువుకున్నావా అని ఎవరూ అడగలేదు. నేనూ ఆ సంగతి ఎత్తలేదు.

కొన్నేళ్లు సీసాలను మూత రంగును బట్టి గుర్తుపట్టి నెట్టుకొచ్చాను. నీలం మూత ఉప్పునీళ్లు, ఎర్ర మూత ఆమ్లం. ఒకరోజు సరఫరాదారు మారాడు, మూతలన్నీ తెల్లగా వచ్చాయి. ఆ అల్మారా ముందు నిలబడి చెమటలు కక్కాను. ఆ రోజు కడుపునొప్పని చెప్పి ఇంటికి పోయాను. నిజంగానే నొప్పి పుట్టింది కూడా.

తాండూరు నుంచి వికారాబాద్‌కు రోజూ ప్యాసింజర్ రైల్లో వెళ్లేవాణ్ణి. అదే డబ్బాలో సుగుణమ్మ అనే బడి పంతులమ్మ వచ్చేది. సిగ్గు చంపుకొని చదువు చెప్పమని అడిగితే స్టేషన్ బోర్డులే పలకలన్నది. రుక్మాపూర్, ధారూర్, గోదంగూడ. అందుకే నాకు 'అ' కంటే ముందు 'ధ' వచ్చింది. ఇప్పటికీ అక్షరమాల వరసగా చెప్పమంటే తడబడతాను, వికారాబాద్ దాకా స్టేషన్లు మాత్రం తప్పు లేకుండా రాస్తాను.

గట్కలో ఉండలు

పని ఏమిటో చెప్పాలి. జొన్న గట్క వండినవాళ్లకు ఇది సగం తెలుసు. మరిగే నీళ్లలో రవ్వ ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. పోసే తీరును బట్టి, తిప్పే తీరును బట్టి ఉండ చిన్నదా పెద్దదా అన్నది తేలుతుంది. మాకు ఉండలే కావాలి. కాకపోతే కంటికి కనిపించనంత చిన్నవి, అన్నీ ఒకే సైజువి కావాలి.

ఒక గొట్టంలో డీఎన్‌ఏ కలిపిన నీళ్లు వస్తాయి. ఇంకో గొట్టంలో స్పిరిట్‌లో కరిగించిన కొవ్వు పదార్థాలు వస్తాయి. రెండూ చింతగింజంత గుంతలో ఎదురెదురుగా గుద్దుకుంటాయి. రెప్పపాటు లోపలే కొవ్వు డీఎన్‌ఏను చుట్టేస్తుంది. అదే నానో కణం. డీఎన్‌ఏను ఊరికే రక్తంలోకి ఎక్కిస్తే శరీరం ముక్కలు చేసి పారేస్తుంది. కొవ్వు చుట్టుకుని ఉంటే కాలేయం దాకా చేరి అక్కడి జీవకణాల్లోకి దూరుతుంది. మేం చేసినవి దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉన్నవాళ్ల కోసం. రక్తం గడ్డకట్టించే పదార్థాన్ని ఆ శరీరమే తయారుచేసుకుంటుందని ఆశ. ఇంకా మనుషుల దాకా పోలేదు. నేను దిగిపోయేనాటికి ఎలుకల దగ్గరే ఉంది.

బాగా వచ్చిన సరుకు చూస్తే పల్చటి పాలలో నీలం మెరుపు ఉన్నట్టుంటుంది. చెడితే తెల్లగా, విరిగినట్టు ఉంటుంది. చివర్లో దాన్ని చాలా సన్నటి ఫిల్టరు గుండా పంపాలి. కణాలు సరైన సైజులో ఉంటే దాటిపోతాయి. పెద్దవి కొన్ని ఉన్నా చాలు, ఫిల్టరు గొంతు పట్టేస్తుంది.

నాకు పేరొచ్చిన సంగతి

ఈ పనిని మా ఫ్యాక్టరీకి తెచ్చింది షాహీన్. తాండూరు పిల్లే, హైదరాబాద్‌లో పెద్ద చదువులు చదివి వచ్చింది. ఆ చింతగింజ గుంత, అంటే మిక్సరు, ఆమె గీసి చేయించిందే. మొదట్లో ఆమె లెక్కలు నిలిచేవి కావు. ఒకసారి కణం చిన్నగా, ఇంకోసారి పెద్దగా వచ్చేది. నేను ప్రయోగశాలలో పక్క పంపు బాగుచేస్తూ ఆమె గొట్టం మీద ఊరికే చెయ్యి వేశాను.

"మేడం, మీ పంపు గుటకలేస్తున్నది," అన్నాను.

"అంటే?"

"మనం నీళ్లు తాగినట్టు. గుటుక్కు, గుటుక్కు. ఒకటే తీరుగ పోస్తలేదు. రెండో పంపు గూడ గుటకలేస్తున్నది, గని దీనితోని కలుస్తలేదు."

ఆమె చెయ్యి పెట్టి చూసింది. "నాకేం తెలుస్తలేదే."

"గ్లౌజు తియ్యుండ్రి."

గ్లౌజు తీసి మళ్లీ పట్టుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. "అరె చిచ్చా!" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెకు చిచ్చానే, అంటే చిన్నాయననే. గుటకలు ఆపే చిన్న గాలి బుడ్డి ఒకటి గొట్టానికి తగిలించాక కణాలు దారికొచ్చాయి. నర్సప్ప చెయ్యి పెడితే చాలని ఫ్యాక్టరీ అంతా చెప్పుకున్నారు. క్యాంటీన్‌లో నాకు రెండో చాయ్ అడగకుండానే వచ్చేది. నేను చెడిపోవడం అక్కడే మొదలైంది. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: మీ చెయ్యి గొప్పదని నలుగురూ అన్నాక ఆ చెయ్యి ఏం చేస్తోందో మీరు చూడడం మానేస్తారు.

చాయ్ గ్లాసు నుంచి బిందెకు

చాయ్ గ్లాసెడు చేసినదాన్ని బిందెడు చేయడమే అసలు పని. మా ప్లాంట్ పెద్ద మూర్తి సార్ గోదావరి వైపు మనిషి. ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన లెక్క తేలిక: సరుకు పది రెట్లు కావాలంటే మిక్సరు పెద్దది చెయ్యి, లేదా పాత పద్ధతిలో పెద్ద పాత్రలో పోసి కలుపు. షాహీన్ ఒప్పుకోలేదు.

"సార్, గుంత పెద్దదైతే రెండు నీళ్లు కలిసే తీరే మారుతది. కణం మారుతది. గుంత గదే ఉండాలె. ఆగకుంట ఎక్కువసేపు నడపాలె. చాలకపోతే పక్కపక్కన గసొంటివే నాలుగు పెట్టాలె."

"పుస్తకంలో బాగానే ఉంటుందమ్మా. గంటల తరబడి నడిస్తే చివరి చుక్క మొదటి చుక్కలా ఉంటుందని నాకేంటి హామీ?"

"మూడుసార్లు నడిపి చూపిస్త."

"వరుసగా మూడు. ఒక్కటి పోయినా పాత పద్ధతే. నీ సెక్షన్ అక్కడితో సరి. అప్పుడు నన్ననుకోవద్దు."

మూర్తి సార్ చెడ్డవాడు కాదు. డీఎన్‌ఏ చాలా ఖరీదు, దానికి జవాబు చెప్పుకోవలసింది ఆయన. షాహీన్‌కు మాత్రం అది నాలుగేళ్ల పని. ఆ మిక్సరు పోతే ఆమె ఒప్పందం కూడా ముగుస్తుందని అందరికీ తెలుసు. యంత్రాన్ని ఒకసారి మొదలుపెట్టి ఆపేదాకా నడిపితే దాన్ని మేం పరుగు అంటాం. ఆ మూడు పరుగులకూ యంత్రం దగ్గర ఎవరుండాలని అడిగితే ఆమె వెనకాముందు చూడకుండా అన్నది: "ఇంకెవరు? చిచ్చానే."

రెండు పరుగులు

శుభ్రమైన గదిలో ఉండేది నేనొక్కణ్ణే. షాహీన్ అద్దం అవతల కంప్యూటర్ తెర ముందు కూర్చునేది. మొదటి పరుగు మూడు గంటలు సాగింది. మధ్య మధ్య గొట్టంలోంచి నమూనా తీసి ఇచ్చాను. ప్రతిదీ బాగుంది. నీలం మెరుపు చూసి మురిసిపోయాను. అంతా అయ్యాక సరుకు పోగైన ట్యాంకు నుంచి ఫిల్టరుకు పంపితే సగంలోనే గొంతు పట్టేసింది.

షాహీన్ మిక్సరు విప్పింది, కడిగింది, కొలిచింది. గదిలో వేడి చూసింది. ఏ తప్పూ దొరకలేదు. ఒక పరుగు పోయింది కాబట్టి మూర్తి సార్ అప్పుడే ఆపేయవచ్చు. ఆమె బతిమాలితే లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టి ఇంకో అవకాశం ఇచ్చాడు. రెండో పరుగు అచ్చంగా అలాగే అయింది. గొట్టంలో బాగుంది, ట్యాంకులో చెడింది.

"గొట్టంల మంచిగున్నది ట్యాంకుల పోయి ఎందుకు ఖరాబైతుంది చిచ్చా?" అని ఆమె అడిగింది. మాస్కు తీసిన చోట మొహం మీద గీతలు పడి ఉన్నాయి.

నేను పెద్దమనిషి తరహాలో ఆలోచించాను. అక్కడ నిలబడ్డ నన్నొక్కణ్ణి తప్ప అందరినీ అనుమానించాను. నీళ్లు సరిగా లేవన్నాను. ఫిల్టరు నకిలీదన్నాను. ట్యాంకులు కడిగే లక్ష్మమ్మను పిలిచి అందరి ముందూ తిట్టాను. "సబ్బు సరిగ పోకుంట కడిగితే గిట్లనే అయితది! నీకు ఫికర్ లేదు, గా పిల్ల నౌకరీ పోతది," అన్నాను. లక్ష్మమ్మ పోయి ఆ ట్యాంకు మళ్లీ కడిగింది.

మూర్తి సార్ బుధవారం మధ్యాహ్నం సమావేశం పెట్టాడు. మూడో పరుగు లేదని, పాత పద్ధతికి మారుతున్నామని చెప్పడానికే ఆ సమావేశమని చాయ్ పోసే మనిషికి కూడా తెలుసు.

కందిపప్పు దుకాణం

మధ్యలో ఆదివారం వచ్చింది. అనసూయతో తాండూరు బజారుకు వెళ్లాను. తెలిసిన దుకాణంలో కందిపప్పు తూయించాం. మంచి పప్పు, గింజ గింజకూ మెరుపు. తూకం అయ్యాక దుకాణదారు పక్కనే ఖాళీ కావచ్చిన బస్తా అడుగు నుంచి రెండు పిడికిళ్లు తీసి మా సంచిలో వేశాడు. అనసూయ సంచిలోకి తొంగి చూసి చెయ్యి పెట్టింది.

"ఓ అన్నా, మంచి పప్పుల గిదేంది? అడుగుది ఎందుకేసినవ్? దుమ్ము, పెల్లలు!"

"కొసరక్కా. ఊరికిస్తె గూడ తప్పేనా?"

"ఊరికిచ్చి ఉన్నదంత ఖరాబ్ చేస్తవా? ఇప్పుడు మొత్తం చాటల పోసుకొని ఏరాల్నా నేను?"

ఇక్కడ నాకు జ్ఞానోదయమైందని రాస్తే బాగుంటుంది. కాలేదు. నేను దుకాణదారు పక్షం చేరాను. "పోనియ్యె, ప్రేమతోని ఏసిండు," అన్నాను. ఇంటికొచ్చాక ఆమె చాట ముందు కూర్చుంటే నేను పక్కన కూర్చుని మట్టి పెల్లలు ఏరాను. అప్పుడూ కాలేదు. సోమవారం పొద్దున రైల్లో, ధారూర్ దాటాక, నా ఎడమ మోకాలు ఎందుకో గుర్తొచ్చింది.

ఆ మోకాలి కథ ఇది. డీఎన్‌ఏ నీళ్లు పంపుకు వెళ్లే ట్యాంకు వేరే ఉంది. దానికి అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో ఒక గీత ఉంటుంది. నీళ్లు గీతకు రాగానే, మిక్సరు నుంచి వచ్చేదాన్ని పారేసే గొట్టం వైపు మళ్లించి, పంపులు ఆపాలి. అలా ఆపితే నాలుగు వేళ్ల సరుకు వృథా. అంత ఖరీదైనది! నా చేతికి అది మింగుడుపడలేదు. అందుకే గీత దాటాక కూడా మళ్లించకుండా, ట్యాంకును ఎడమ మోకాలితో కొంచెం ఎత్తి, ఒక పక్కకు చేరిన నీళ్లన్నీ గొట్టంలోకి పోయేదాకా ఆగేవాణ్ణి. కంపెనీకి కొసరు. షాహీన్‌కు కొసరు. చాయ్ గ్లాసెడు చేసినప్పుడు సరుకు సిరంజిలో ఉండేది. చివరి చుక్కదాకా నొక్కినా అందులోకి గాలి రాదు. బిందెడు ట్యాంకులో అలా కాదు. గొట్టం నీళ్లతో పాటు గాలి కూడా పీలుస్తుంది. ఆ కాసేపు డీఎన్‌ఏ నీళ్లు తెగి తెగి వస్తాయి, కొవ్వు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. చుట్టుకోవడానికి ఏమీ దొరక్క అది పెద్ద పెద్ద ముద్దలు కడుతుంది. ఆ ముద్దలు పోయి మూడు గంటల మంచి సరుకులో పడతాయి. అద్దం అవతలి తెర మీద మాత్రం పంపు తిరుగుతున్నట్టే ఉంటుంది. పంపుకు నీళ్లైనా గాలైనా ఒకటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది రాయకుండా తప్పించుకుందామని రెండు రోజులు ఈ కాగితం మూసి పెట్టాను. ప్రతి పరుగు చివర ఒక పట్టికలో 'గీత దగ్గర ఆపాను' అన్న మాట ఎదురుగా గుర్తు పెట్టాలి. రెండుసార్లూ పెట్టాను. చదివి, అర్థం చేసుకుని, పెట్టాను. చదువు రాని రోజుల్లో నేను అబద్ధం రాసి ఎరగను. రాయడం రాదు మరి.

రెండు రోజుల పిరికితనం

సోమవారం చెప్పలేదు. మంగళవారం చెప్పలేదు. మూడో పరుగు దొరికితే గీత దగ్గర బుద్ధిగా ఆపేస్తాను, బాగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు, నా సంగతి నాతోనే పోతుంది అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో మూడో పరుగే లేదు. నా గుట్టు నిలవాలంటే ఆ పిల్ల పని పోవాలి. ఇది తెలిసి కూడా మంగళవారం క్యాంటీన్‌లో రెండో చాయ్ తాగాను.

బుధవారం పొద్దున అనసూయ టిఫిన్ డబ్బా కడుతూ అడిగింది.

"మూడు దినాలసంది అన్నం కెలుకుతున్నవ్. ఏం చేసినవ్?"

చెప్పాను. డబ్బా మూత చేతిలోనే పట్టుకుని మొత్తం విన్నది.

"గా లక్ష్మమ్మను తిట్టినవా?"

"తిట్టిన."

"షాహీన్ ఎదురుంగనా?"

"ఆఁ."

"నీకు పింఛన్ ఆగుతదని భయమా?"

"గది కాదె. గింత పేరొచ్చినంక..."

"ఏం పేరయ్యా? పంపుల కాడ నిలవడేటోనివి! నువ్ చెప్తవా, నేను వికారాబాద్ రావాల్నా?"

ఆమె వస్తానంటే వస్తుంది. చెప్పులు కూడా వేసుకోబోయింది.

మూర్తి సార్ గది

సమావేశంలోకి నన్నెవరూ పిలవలేదు. తలుపు తట్టి లోపలికి వెళ్లాను. షాహీన్ ముందు పాత పద్ధతికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. ఆమె పెన్ను మూత తీసి ఉంది.

"సార్, గా రెండు పరుగులు పోయింది మిక్సరు తోని కాదు. నాతోని," అన్నాను. మోకాలి సంగతి, గీత సంగతి, పట్టికలో పెట్టిన గుర్తు సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ బల్ల మీద బిస్కెట్ ప్లేటునే చూశాను.

మూర్తి సార్ కళ్లజోడు తీశాడు. "ఏంటయ్యా నర్సప్పా, మీ ఊరి అమ్మాయని వెనకేసుకొస్తున్నావా? ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నావు కదా, తప్పు నెత్తిన వేసుకుంటే పోయేదేముందిలే అనుకున్నావా?"

దీనికి నేను సిద్ధంగా లేను. తిడతారనుకున్నాను, తీసేస్తారనుకున్నాను. నమ్మరని మాత్రం అనుకోలేదు. ఇన్నేళ్లు సంపాదించిన మంచిపేరు నిజం చెప్పే రోజున అడ్డం వచ్చి నిలబడింది.

షాహీన్ నా వైపు చూడలేదు. ఆమె అప్పుడే లెక్క కడుతోంది. "సార్, చవక రకం డీఎన్‌ఏ ఉన్నది. ఒక గంట చాలు. చిచ్చాను గట్లనే చెయ్యమనుండ్రి. గీత దాక వచ్చింది ఒక సీసాల, గీత దాటినంక వచ్చింది ఇంకో సీసాల పట్టుదాం."

అద్దం అవతల ఆ రోజు ఏడుగురు నిలబడ్డారు. లక్ష్మమ్మ కూడా వచ్చింది. నా తప్పును నేనే మళ్లీ చేసి చూపించాలి. అప్పుడు ఆలోచించకుండానే చేసిన పని, అందరూ చూస్తుంటే రాలేదు. మోకాలు ఎక్కడ పెట్టాలో మరిచిపోయాను. మైకులోంచి మూర్తి సార్ గొంతు వచ్చింది: "అదేంటయ్యా, మొన్న చేసినట్టే చెయ్యి. సిగ్గుపడకు." ఎవరో నవ్వారు. చివరికి కళ్లు మూసుకుని ట్యాంకు ఎత్తాను. అప్పుడొచ్చింది.

మొదటి సీసాలో నీలం మెరుపు. రెండో సీసాలో అర గ్లాసుకు మించి లేదు, విరిగిన పాలలా తెల్లగా ఉంది. షాహీన్ మొదటి సీసాను రెండు వాటాలు చేసింది. ఒక వాటా ఫిల్టరు గుండా చక్కగా దిగిపోయింది. రెండో వాటాలో నా కొసరు కలిపింది. సగం దిగి ఆగిపోయింది.

మూర్తి సార్ షాహీన్ ముందున్న కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. "మళ్లీ మొదటి నుంచి మూడు," అన్నాడు. నా వైపు తిరిగి, "నీ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు. చూశాడు కూడా. ఆ వివరాలు ఎవరికీ పనికిరావు.

బయట లక్ష్మమ్మ కనిపిస్తే చేతులు జోడించాను. "గప్పుడు అందరి ముంగట తిట్టినవ్. ఇప్పుడు మూలకు పిలిచి దండం పెడుతున్నవా?" అంది. నిజమే. మర్నాడు క్యాంటీన్‌లో అందరి ముందూ చెప్పాను. ఆమె తింటూనే విన్నది. "సరె, జరుగు. గాలి ఆగుతున్నది," అంది.

వాల్వు

షాహీన్ నాకు కృతజ్ఞతలు చెబుతుందని కొంచెం ఆశ ఉండేది. దాచడమెందుకు, బాగానే ఉండేది. కొత్త పరుగులకు ముందు ఆమె మూర్తి సార్ దగ్గర రెండు సంగతులు అడిగింది. ఒకటి, గొట్టంలో బుడగ కనిపించినా, నీళ్లు గీతకు దిగినా దానంతట అదే సరుకును పారేసే వైపు మళ్లించే వాల్వు. రెండు, డీఎన్‌ఏ ట్యాంకును కదలకుండా నేలకు బోల్టులతో బిగించడం.

"నా మీద నమ్మకం లేదా బిడ్డా?" అని అడిగాను. నిజంగా నొచ్చుకున్నాను.

"చిచ్చా, నువ్వు మంచోనివి. గదే పరేషాన్. దొంగ అయితే ఎత్తుకపోతడు, తెలుస్తది. నువ్వు ప్రేమతోని ఎక్కువ ఏస్తవ్. ఎట్ల పట్టుకోవాలె నిన్ను?"

అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, నా కొలువులో నేను విన్న తెలివైన మాట అదే. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగిందీ అదే. ఒక చాయ్ గ్లాసెడు చేసేటప్పుడు పని మనిషి మంచితనం మీద నడుస్తుంది. బిందెడు చేయాలంటే ఆ మంచితనానికి కూడా వాల్వు పెట్టాలి. మీకు ఎవరైనా వాల్వు పెడితే నాలాగా నొచ్చుకుని వారం రోజులు మాట్లాడకుండా తిరగకండి. ఆ వారం ఆమె గమనించనే లేదని తర్వాత తెలిసింది. పనిలో ఉంది.

మొదటి రెండు పరుగులూ ఫిల్టరు దాటాయి. మూడోది నడిపిన రోజు నాకు గదిలో చేయడానికి పనే లేదు. స్టూలు మీద కూర్చుని చూశాను. మూడు గంటలయ్యాక వాల్వు టక్కుమంది, పంపులు ఆగాయి. ఫిల్టరు దగ్గర ఒత్తిడి చూపే ముల్లు చివరిదాకా కదలలేదు. అద్దం అవతల మూర్తి సార్ షాహీన్‌కు చెయ్యి కలిపాడు. ఆమె నవ్వింది, తర్వాత మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి గౌను వేసుకుని లోపలికి వచ్చింది. డీఎన్‌ఏ ట్యాంకు అడుగున నాలుగు వేళ్ల సరుకు మిగిలి ఉంది. గాజులో నీడలా కదులుతోంది.

"మంచిగనే ఉన్నట్టున్నది," అన్నాను.

"డ్రమ్ముల పొయ్యి చిచ్చా."

"అంతనా?"

"అంత."

అడుగు కుళాయి కింద పాత్ర పెట్టి పట్టాను. తీసుకెళ్లి పారేసే డ్రమ్ములో పోశాను. పోసినంతసేపూ, కడిగినంతసేపూ ఆమె నా పక్కనే నిలబడింది. డ్రమ్ము మూత బిగించి తాళం వేశాక గానీ కదల్లేదు. ఆమె స్థానంలో నేనున్నా అలాగే నిలబడేవాణ్ణి.